నోరు తిరగని నది

"ర్ఝెకా అను బంగారూ," అంటూ మాటలు దిద్దే టీచరమ్మ అద్దం చూపించింది. చెక్ భాషలో ర్ఝెకా అంటే నది.

"ఝెకా," అంది ఆరేళ్ళ బ్లాంకా.

తల్లి రాద్మిలా నిట్టూర్చింది. సెప్టెంబరులో బడి. 'ర్ఝ' పలకని చెక్ పిల్లని తోటి పిల్లలు బతకనిస్తారా? ముప్పై ఏళ్ళొచ్చినా అది పలకలేని తనకి తెలియదూ!

"మీరు కాసేపు బయట కూచోండమ్మా."

తలుపు మూసుకోగానే లోపల్నించి గలగలా వినబడింది: "ర్ఝెకా! ర్ఝెకా!"

రాద్మిలా ఒక్క ఉదుటున లోపలికొచ్చింది. "ఓసి దొంగా! వచ్చు కదే! మరి ఇన్నాళ్ళూ?"

"నాకూ వచ్చేస్తే, నాన్న నిన్నొక్కదాన్నే వెక్కిరిస్తాడు కదమ్మా!"

టీచరమ్మ నవ్వాపుకుంది. రాద్మిలా కూతురి పక్కనున్న బుల్లి కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూచుంది. అద్దాన్ని తన వైపు తిప్పుకుంది.

"నాలుక ఎక్కడ పెట్టాలే?"