రోడ్డు దాటిన ఇంటర్వ్యూ

డ్రైవర్లు లేని కార్లు వచ్చాక ఆ ఊళ్లో ట్రాఫిక్ జామ్ అన్న మాటే లేకుండా పోయింది. కార్లు ఎక్కడా ఆగవు కాబట్టి, రోడ్డు దాటడం అన్న మాట కూడా లేకుండా పోయింది. ఎదురింట్లో ఉండే తన చెల్లెల్ని చూడాలంటే ప్రసూన వాళ్ల అమ్మమ్మ సీతారత్నం కారెక్కి ఊరంతా చుట్టి రావాలి. కారులో ఏసీ ఉందిగా, ఇంకేం కావాలన్నారు పెద్దలు.

ప్రసూన నగర ప్రణాళికలో పీజీకి దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూ చేసేది కూడా యంత్రమే. ఫోన్లో ఎంతో మర్యాదగా అడిగింది.

"మీ ఊళ్లో ఏం మారుస్తారండీ?"

"మా వీధిలో మనుషులు దాటడానికి దారి పెడతానండి."

"నడిచేవాళ్లు మా లెక్కల్లో లేరండీ."

"లేకపోవడమేంటండీ? మా అమ్మమ్మ ఉందిగా!"

"ఆధారం చూపించగలరా?"

ప్రసూనకు ఒళ్లు మండిపోయింది. "అమ్మమ్మా, చెప్పులేసుకో!"

"ఎక్కడికే?"

"చిన్నమ్మమ్మ వాళ్లింటికి. నడిచే!"

ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో అమ్మమ్మను పట్టుకుని రోడ్డు మీదికి దిగింది. ముందు ఒక కారు ఆగింది. దాని వెనకది ఆగింది. కాసేపటికి ఊరే ఆగిపోయింది. సీతారత్నం మాత్రం తన మోకాళ్లు ఒప్పుకున్నంత తాపీగా నడిచింది.

"అక్కా! నడిచొచ్చావా?" అంటూ చెల్లెలు గుమ్మంలోనే ఏడ్చేసింది.

ముగ్గురూ కాఫీ తాగుతుండగానే ఫలితం వచ్చింది. నగర ప్రణాళికలో ఎలాంటి అనుభవమూ లేనందువల్ల ప్రసూనకు సీటు ఇవ్వలేకపోతున్నామని యంత్రం ఎంతో విచారం వెలిబుచ్చింది.