హేమావతి కండ్లు

“సిద్దమ్మా, నీ బిడ్డ కండ్లు ఒకసారి డాక్టరుకు చూపించు,” అన్నాడు వీరేష్ సారు, అరుగు ముందు సైకిలు ఆపి.

ఆంజినమ్మ ఇంటి అరుగు మీద కూలికి కూర్చుని విత్తనానికి వేరుశనగ గింజలు ఏరుతున్న సిద్దమ్మ చెయ్యి చేటలోనే ఆగిపోయింది.

“నా బిడ్డ కండ్లకేమైంది సారూ?”

“బోర్డు మీద నేను ఎనిమిదేస్తే అది మూడని రాసుకుంటాంది. లెక్కలన్నీ తప్పులే. పోయినేడు క్లాసులో అందరికంటే ముందున్న పిల్ల! ఈ యేడు ఏడో తరగతి, పబ్లిక్ పరీక్ష. శనివారం కుందుర్పిలో కంటి క్యాంపు పెడ్తాండారు. మర్చిపోకుండా తీసకపో.”

సారు సైకిలు మలుపు తిరిగిందో లేదో, ఆంజినమ్మ మూతి విరిచింది. నోటి దురుసే కానీ మనిషి చెడ్డది కాదు.

“నేను అంటానే ఉండా. మీ తల్లీబిడ్డలు ఏరిన గింజల్లోనే పుచ్చులు కనపడ్తాండాయి. వాన రాక రాక వచ్చినప్పుడు ఇట్లాంటి విత్తనమేస్తే మొలకొస్తాదా? ఆ పిల్లను రేపట్నుంచి చేట ముట్టనీయద్దు.”

సిద్దమ్మ చేటలోకి చూసింది. బడి నుంచి రాగానే హేమావతి తన పక్కన చేరి గింజలు ఏరుతుంది. పుచ్చులు దొరికిన ప్రతిసారీ “నేనే సరిగ్గా సూళ్లేదు అవ్వా” అని తలొంచుకుని ఆంజినమ్మతో మాట పడుతుంది. తనూ నాలుగు తగిలించింది. ‘ఒళ్లు దగ్గర పెట్టుకోని ఏరవే’ అని నలుగురిలో కసిరింది. కనపడక చేసిందని అప్పుడు తోచలేదు.

సాయంత్రం సంగతి విని మొగుడు నరసింహప్ప కాళ్లు కడుక్కుంటూనే తీర్పు చెప్పేశాడు.

“కండ్లు కనపడని దానికి బడెందుకు? గొర్రెల ఎంట పంపించు.”

“కండ్లు కనపడని దానికి గొర్రెలు మాత్రం కనపడ్తాయా?” అంది సిద్దమ్మ.

మొగుళ్లకు ఇలాంటప్పుడే ఆకలి గుర్తొస్తుంది. సంగటి ముద్ద ముందుకు లాక్కుని, “సరే, సూపించుకోని రా. అద్దాలతో బాగయితే సరి. కాకుంటే బడి మాన్పించేదే,” అన్నాడు.

గోడవారన కూర్చున్న హేమావతి నాయన వైపు ఒకసారి బెదురుగా చూసింది.

శనివారం కుందుర్పిలో బస్సు దిగగానే సిద్దమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“సూసుకోని నడువు పాపా, పడ్తావు.”

పట్టుమని పదడుగులు వెయ్యకముందే తనే రాయికి తన్నుకుని తూలింది. హేమావతి ఒడుపుగా పట్టి నిలబెట్టింది.

“మెల్లగా రామ్మా.”

“నీ మీద దిగులుతో నా కాళ్లు నాయి కాకుండా పోయినాయి,” అంది సిద్దమ్మ, బొటనవేలి నెత్తురు కొంగుతో ఒత్తుకుంటూ.

క్యాంపు బడి వరండాలో పెట్టారు. వరస నెమ్మదిగా కదులుతోంది. నిలబడ్డంతసేపూ సిద్దమ్మను ఒక్కటే బాధ తొలిచింది. ఉగాది ముందు ఈ డాక్టర్ల జీపే ఊరి ముంగిటికి వచ్చింది. “పోదాం రామ్మా, కండ్లు సూస్తారంట” అని హేమావతి కొంగు పట్టుకుని ఒకటే పోరు పెట్టింది. తనేమో “ఒక పూట కూలి చెడగొట్టద్దు, పో” అని విదిలించుకుంది. బిడ్డ నోరు తెరిచి అడిగితే కన్నతల్లికి అర్థం కాలేదు. అంతకంటే పాపం ఏముంటుంది? పొన్నగంటాకు తింటే చూపు నిలుస్తుందంటారు, ఈ కరువులో అది కూడా వండిపెట్టింది లేదు. పిల్ల తనలాగా జీవితాంతం ఒకరి అరుగు మీద చేట పట్టుకుని కూర్చోకూడదని కదా బడికి పంపింది!

“కదిరి నరసింహస్వామీ, నా బిడ్డకు సూపు ఇయ్యి. కావాలంటే నాది తీసుకో,” అని మనసులోనే మొక్కుకుంది.

డాక్టరమ్మ హేమావతిని స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, ఎదురుగా గోడకున్న అట్ట చూపించింది. హేమావతి గడగడా చదివేసింది. రెండో కన్నుతోనూ అంతే. అడుగున ఉన్న చీమల్లాంటి అక్షరాలు కూడా తడుముకోకుండా చెప్పింది. డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూసి, నవ్వుతూ వెనక్కి వాలింది.

“నీ కూతురి కండ్లకు ఏ జబ్బూ లేదమ్మా. గద్ద చూపు.”

సిద్దమ్మకు ఏడుపు ఆగలేదు. “నిజంగానా తల్లీ? అద్దాలు కూడా అక్కర్లేదా?” అని రెండుసార్లు అడిగింది. కళ్లు తుడుచుకున్నాక మాత్రం కోపం నెత్తికెక్కింది.

“మరి బోర్డు మీద ఎనిమిది నీకు మూడెట్ల అయినాదే? మీ నాయన బడి మాన్పిస్తానన్నా నోరెత్తకపోతివే! ఎందుకట్ల తప్పులు రాసినావు?”

డాక్టరమ్మ కూడా హేమావతి వైపు తిరిగింది. “అవును పాపా, ఇంత బాగా చదివావు కదా. ఎందుకమ్మా?”

హేమావతి స్టూలు దిగింది. అమ్మ భుజాలు రెండూ పట్టుకుని, మెల్లగా తెచ్చి అదే స్టూలు మీద కూర్చోబెట్టింది.

“మాయమ్మ తన కండ్ల కోసమైతే రాదు మేడం.”