చీలిన గీత

వేలిముద్రల నిపుణురాలు భూతద్దం పక్కన పడేసి, కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచింది.

"సార్, మనం పట్టుకున్నవాడు దొంగ కాదు."

ఇన్‌స్పెక్టర్ టీ గ్లాసు దించకుండానే విసుక్కున్నాడు. నగల షాపు కెమెరాలో పడ్డ మొహం ఆ టైలర్‌దే. పగిలిన అద్దానికంటిన రక్తం డీఎన్‌ఏ కూడా అతనిదే. దెబ్బ తిన్న వాచ్‌మన్ ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. పైగా అడగ్గానే టైలర్ ఒప్పేసుకున్నాడు. ఇంకేం కావాలన్నాడు ఆయన.

ఆమె రెండు ఫొటోలు తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి గల్లాపెట్టె మీద దొరికిన ముద్ర, రెండోది టైలర్ వేలిది.

"సుడి అచ్చం ఒకలాగే ఉంది, చూడండి. కానీ ఈ గీత ఇందులో చీలింది, అందులో తిన్నగా పోయింది."

సంతోషం పట్టలేక గబగబా చెప్పుకుపోయింది. ఒకే పిండం రెండై పుట్టిన కవలలకు మొహమూ డీఎన్‌ఏ ఒకటే. సుడి పోలికా చాలావరకు తల్లిదండ్రుల నుంచి వచ్చేదే. ఏ గీత ఎక్కడ చీలుతుందో మాత్రం ఎవరి చేతుల్లోనూ లేదు. కడుపులో వేలు ఎటు ఒత్తుకుందో, ఉమ్మనీరు ఎటు కదిలిందో, అప్పటికి ఎలా జరిగితే అలా.

"అంటే వీడికి కవల ఉన్నాడంటావా?" ఇన్‌స్పెక్టర్ టీ వదిలేసి లేచాడు.

జీపు బయల్దేరింది. సాయంత్రానికల్లా టైలర్ తమ్ముడు చిక్కాడు, నగలూ చిక్కాయి. గల్లాపెట్టె మీది ముద్ర గీతకు గీత సరిపోయింది.

స్టేషనంతా ఆమెను మెచ్చుకుంది. ఆమె కాళ్లు నేల మీద ఆనడం లేదు. పాపం, టైలర్ పోలీసు దెబ్బలకు భయపడి నేరం నెత్తిన వేసుకుని ఉంటాడనుకుంది; విడుదలవుతున్నాడన్న చల్లని కబురు తనే చెప్పాలని లాకప్ దగ్గరికి పరుగున వెళ్లింది.

"మీరు ఇంటికి వెళ్లొచ్చండీ. మీ తమ్ముడు దొరికాడు."

టైలర్ గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయాడు. కానిస్టేబుల్ తలుపు తీసినా లేవలేదు.

ఆమె నవ్వు సగంలో ఆగింది.

"వాడికి ముగ్గురు పిల్లలమ్మా," అన్నాడు టైలర్. "నేనా, ఒంటిగాణ్ణి. మొహం ఒకటే కదా, వాడి బదులు నేను సరిపోతాననుకున్నాను."