చివరి కుర్చీలో అమ్మాయి

"పిన్నీ, ఆ మాస్కు కాస్త కిందికి లాక్కోండి, ఊపిరాడక పడిపోయేలా ఉన్నారు," అంది వెనకాల నిలబడ్డ పిల్ల.

"పర్లేదమ్మా," అంది హేసుక్. మాస్కు మాత్రం తియ్యలేదు.

తెల్లారకముందే సముద్రపొడ్డున ఉన్న తమ ఊరు గున్‌సాన్‌లో బస్సెక్కింది. అప్పట్నుంచీ ఎక్కడా సరిగ్గా కూర్చోలేదు. మోకాళ్ళు పీకుతున్నాయి. ఎంత తోమినా ఎండుచేపల వాసన చేతుల్ని వదల్లేదు. అయిదుగురు పాటలమ్మాయిల సంతకాల కోసం వరసలో నిలబడ్డవాళ్ళంతా చదువుకునే పిల్లలు. ఆల్బం కొన్నవాళ్ళ పేర్లతో చీటీలు తీస్తే తన పేరు వచ్చిందని తెలిసిన రోజు హేసుక్ నవ్వలేదు, ఏడవలేదు. చేపలు తిరగేస్తూ అలాగే ఉండిపోయింది.

"మీకు అయిదుగురిలో ఎవరిష్టం?" ఆ పిల్ల పేరు సోదామ్. నోరు ఊరుకోదు.

"చివర కూర్చున్నమ్మాయి."

"దాన్‌బీనా! అయ్యో పిన్నీ, ఆ కొళాయి కోసమా ఇంతదూరం వచ్చారు?"

"కొళాయి ఏంటి?"

"అందరూ అలాగే అంటారు. మొట్టమొదటి పాటకే పరువు తీసేసింది. ఏ ప్రోగ్రాంలో చూడండి, 'నేనిక్కడే ఉంటా' అన్న లైను రాగానే గొంతు పూడుకుపోతుంది, కళ్ళు కారిపోతాయి. మిగతా నలుగురూ పాపం నవ్వుతూనే గెంతుతారు. ఆదివారం టీవీ ప్రోగ్రాంలో కూడా ఏడ్చిందంటే తీసేస్తారట."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. మీరు చూడ్లేదా? మీకోసం వచ్చారా, మీ అమ్మాయి కోసమా?"

"మా అమ్మాయి కోసమే."

"రాలేదేం మరి తను?"

"రానంది."

సోదామ్ ఇంకేదో అడగబోయింది గానీ వరస కదిలింది. నల్లకోటు మేనేజరు గొంతు చించుకుంటున్నాడు. ముట్టుకోకూడదు, ఫోటోలు కూడదు, ఒక్కరి దగ్గరే ఆగిపోకూడదు. పాటల కంపెనీలో నేర్చుకున్న పిల్లల ఇంటివాళ్ళెవరైనా వరసలో కనిపిస్తే బయటికి పంపేస్తారు. ఆ సంగతి హేసుక్‌కి ముందే తెలుసు. మాస్కు అందుకే.

మొదటి నలుగురు అమ్మాయిలూ చక్కగా నవ్వారు, చేతులూపారు, సంతకాలు పెట్టారు. హేసుక్ అందరికీ తల వంచింది. ఏం మాట్లాడారో ఒక్క ముక్క చెవికెక్కలేదు.

చివరి కుర్చీ ముందుకొచ్చి నిలబడింది హేసుక్.

"నమస్కారమండీ, నేను దాన్‌బిని. పేరేమని రాయమంటారు?" తలెత్తకుండానే అప్పజెప్పినట్టు అంది దాన్‌బి. పౌడరు కింద కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అన్నం తిన్నావా?"

కలం ఆగిపోయింది. దాన్‌బి తలెత్తింది. "అమ్మా..."

"తల దించు. సంతకం పెడుతున్నట్టుండు. వెనకాల ఆ మేనేజరు ఇటే చూస్తున్నాడు."

దాన్‌బి తల దించేసింది. "తిన్నానండీ."

"అబద్ధం. బుగ్గలెలా లోపలికి పోయాయో చూసుకున్నావా?"

"నామీద కోపం లేదా మీకు?"

"లేకేం? బోలెడొచ్చింది. కంపెనీలో పాట నేర్చుకునే రోజుల్లో మీ ఇద్దరికీ కలిపి ఒకే డబ్బాలో కూరలు వండి పంపిన చేతులివి. కానీ కోపం ఎన్నాళ్ళని మొయ్యను? ఓపిక లేదు నాకు."

"తను ఎలా ఉంది?"

"మొదట్లో గదిలోంచి బయటికే రాలేదు. టీవీలో మీ పాటొస్తే కట్టేసేది. ఇప్పుడు గిన్నెలు తోముతూ తనే పాడుతోంది. నువ్వు ఏడ్చే లైను కూడా."

"ఆ లైను రాగానే తనే గుర్తొస్తుందమ్మా. నేను పాడలేను. వెళ్ళిపోతానని వాళ్ళతో చెప్పేద్దామనుకుంటున్నా."

హేసుక్ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ముట్టుకోకూడదు కదా.

"నువ్వు వెళ్ళిపోతే తను సంతోషిస్తుందనుకున్నావా? పిచ్చిమొహమా! నన్ను ఇక్కడికి పంపింది తనే. ఏడవకుండా పాడమని చెప్పి రమ్మంది."

దాన్‌బి ముక్కు ఎగబీల్చింది.

"అమ్మగారూ, జరగండి, జరగండి!" మేనేజరు అరిచాడు.

"ఇదిగో, అయిపోయింది బాబూ. మా అమ్మాయి పేరు రాయించుకుంటున్నా."

దాన్‌బి ఏ పేరని అడగలేదు. గబగబా రాసేసి ఆల్బం ముందుకు తోసింది.

"ఆదివారం ఇద్దరం టీవీ ముందే కూర్చుంటాం," అంది హేసుక్.

"పాడతానమ్మా." ఈసారి దాన్‌బి గొంతు పూడుకుపోలేదు. "చివరిదాకా పాడతానని చెప్పండి."

వెనకనుంచి సోదామ్ తోసుకొచ్చింది. "దాన్‌బీ! ఈ పిన్ని నీకోసం గున్‌సాన్ నుంచి వచ్చింది తెలుసా!"

"తెలుసు," అంది దాన్‌బి. అప్పజెప్పినట్టు కాకుండా నవ్వడం ఆ రోజు అదే మొదలు.

బయట మెట్ల మీద హేసుక్ కూలబడింది. మాస్కు తీసి ఊపిరి పీల్చుకుంది. ఒళ్ళంతా మూటలు మోసినట్టుంది. ఇంకా బస్సెక్కాలి, వెళ్ళి ఆరేసిన చేపలు తియ్యాలి. ఫోను మోగింది.

"అమ్మా, కలిశావా? ఏమంది?"

"పాడతానంది. చివరిదాకా."

అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది.

"మంచిదేలే," అంది చివరికి. "జాగ్రత్తగా రా. అన్నం వండి పెడతా."

దాన్‌బికి ఆ అయిదో చోటివ్వడానికి కంపెనీ ఇంటికి పంపేసింది హేసుక్ ఒక్కగానొక్క కూతుర్నే.