పసుప్పచ్చ దీపాల గోదాము

"రెండూ ఒకటే" అన్నాడు అంబాలాల్ కాకా.

నిమేష్ రావల్‌కి ఒళ్ళు మండిపోయింది. గోదాము కప్పుకి పాత సోడియం దీపం వేలాడుతోంది. దాని పక్కనే తను తెచ్చి బిగించిన ఎల్.ఇ.డి. దీపం. ఒకటి కామెర్లు పట్టినట్టు పచ్చగా ఉంది, రెండోది మల్లెపువ్వులా తెల్లగా ఉంది. పసిపిల్లల్ని అడిగినా తేడా చెప్తారు.

"ఒకటే ఎలా అవుతాయి కాకా? ఈ పచ్చ వెలుగులో జీలకర్రకీ సోంపుకీ రంగు తేడా తెలియదు. స్విచ్చి వేశాక వెలుగు పుంజుకోవడానికే బోలెడంత సేపు. పైగా దీని చోకు వినండి, తేనెపట్టు కింద నిలబడ్డట్టు ఒకటే రొద. నాది కిక్కురుమనదు. కరెంటు సగం కూడా తినదు."

"ఆ రొద నాకు అలవాటే. రెండూ ఒకటే అయినప్పుడు మార్చడం దేనికి? టీ తాగి వెళ్ళు."

ఈ నెలలో ఆ గోదాములో తాగిన టీలకి నిమేష్ కడుపులో మంట పట్టుకుంది గానీ పని మాత్రం అంగుళం కదల్లేదు. ఊంఝా మార్కెట్లో ఆ వీధి పొడుగునా జీలకర్ర గోదాములే. ఎవరిని కదిపినా ఒకటే పాట. "ముందు కాకాని పెట్టించుకోనీ భాయ్, తర్వాత మేం లేమా?" అహ్మదాబాదులో కూర్చున్న మేనేజరేమో, దీపావళిలోగా ఆ వీధి ఆర్డరు తేకపోతే వేరే కొలువు వెతుక్కోమన్నాడు. మెహసాణాలో భార్యకి ఏడో నెల. ఇప్పుడు ఉద్యోగం ఊడితే ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్ళాలో నిమేష్‌కి తెలియడం లేదు.

పోనీ కాకా తెలివితక్కువవాడా అంటే, అదీ కాదు. దోసిట్లోకి కాసిని గింజలు తీసుకుని, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, సరుకు ఏ తాలూకాదో చెప్పేస్తాడు. ధర కుదుర్చుకోవడం ఇప్పటికీ పాత పద్ధతిలోనే. చేతుల మీద రుమాలు కప్పుకుని, కింద వేళ్ళు నొక్కుకుంటే బేరం అయిపోయినట్టే. పక్కనున్నవాడికి ఒక్క ముక్క అంతుచిక్కదు. అంతటి మనిషికి రెండు దీపాల తేడా ఎందుకు ఎక్కడం లేదో దేవుడికే తెలియాలి.

మర్నాడు నిమేష్ రంగురంగుల బొమ్మలతో పోలికల పట్టీ అచ్చు వేయించి తెచ్చాడు. కాకా దానివైపు తలైనా తిప్పలేదు.

"మా హస్ముఖ్‌కి ఇవ్వు, కాగితాలన్నీ వాడే చూస్తాడు" అని, అంతలోనే హమాలీని కేకేశాడు. "ఒరేయ్, ఆ వెనక మూల దీపం పోయినట్టుంది, మార్పించండి."

నిమేష్ వెనక్కి తిరిగి చూశాడు. నిజంగానే పోయింది. ఈ పాడు దీపాల మీద ఉన్న ధ్యాసలో పిసరంతైనా తన మాట మీద పెట్టడే అని పళ్ళు నూరుకున్నాడు.

కాకాకి దీపాలంటే ఎంత మమకారమో భార్య అన్నా అంతే. సాయంత్రం హారతికి జమ్నా బా భుజం మీద చెయ్యి వేసుకునే నడుస్తాడు. "ఏం కాకా, పెళ్ళి నిన్ననే అయిందా?" అని దలాళ్ళు ఏడిపిస్తారు. ఆయన నవ్వుతాడు తప్ప చెయ్యి తియ్యడు.

నిమేష్ చివరికి కొడుకు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు.

"మా బాపూ సంగతి నీకు తెలీదు భాయ్" అన్నాడు హస్ముఖ్. "మొన్న దారిలోకి ఒక్క బస్తా జరిపామని ఇల్లు పీకి పందిరేశాడు. దీపాలు మారిస్తే ఊరుకుంటాడా?"

"ఒక్క దీపం చూపిస్తే రెండూ ఒకటే అంటాడు హస్ముఖ్ భాయ్. మొత్తం మార్చి చూపిస్తే ఇంకేమంటాడు? నచ్చకపోతే పాతవి నేనే మళ్ళీ బిగిస్తాను."

"తిట్లు నువ్వే తినాలి మరి."

"తింటాను. టీ కంటే నయం."

కాకా దంపతులు పాటణ్‌లో పెళ్ళికి వెళ్ళిన రోజున నిమేష్ మనుషులు నిచ్చెనలు వేసుకుని గోదామంతా ఎక్కి దిగారు. పాత దీపాల్నీ, చోకుల్నీ ఊడబీకి గోనెసంచుల్లో కట్టి పెరట్లో పడేశారు.

మర్నాడు పొద్దు వాలే వేళకి కారు వచ్చి ఆగింది. కబురు ముందే పాకింది కాబట్టి వీధిలో వ్యాపారులంతా గుమ్మం ముందు చేరారు. కాకా ఊ అంటే రేపటినుంచి ఆర్డర్లు రాసుకోవడానికి చెయ్యి చాలదు. ఊహూ అంటే ఇక మెహసాణా బస్సు ఎక్కడమే.

కాకా ఎప్పటిలాగే కర్ర ఊపుకుంటూ అందరినీ పలకరిస్తూ వచ్చాడు. గడప దాటి, బస్తాల మధ్య దారిలో నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. గోదాము పట్టపగల్లా ఉంది. నేల మీద పడ్డ జీలకర్ర గింజ గింజా ఏరుకోవచ్చు, అంత వెలుగు. అందరూ ఆయన మొహంలోకే చూస్తున్నారు. జమ్నా బా ఒకసారి పైకి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాకా పక్కనున్న బస్తాని తడిమి పట్టుకుని, "ఏరా హస్ముఖ్, కరెంటు పోయి ఎంతసేపైంది?" అన్నాడు.