ఆళ్లగడ్డ మనిషి

కంప్యూటర్ తెర మీద విమానం కుడికి వాలింది. గుండ్రంగా తిరిగి, ఒక్క కుదుపు లేకుండా నేల మీద దిగింది.

"ఎవురు నడిపింది?" అన్నాడు బెన్నీ.

సురేంద్ర తెర మీంచి కళ్లు తిప్పలేదు. "ఆళ్లగడ్డలో ఎగరేసినోడు లేప్పా ఒకడు."

బెన్నీ కుర్చీ లాక్కుని తెరకు దగ్గరగా కూర్చున్నాడు.

ఇద్దరూ నంద్యాలలో ఆరేళ్లుగా థర్మోకోల్‌తో, వెదురు పుల్లలతో బుల్లి విమానాలు చేస్తున్నారు. సురేంద్ర కాలేజీలో కంప్యూటర్లు చెబుతాడు. లెక్కలూ వైర్లూ అతనివి. టీవీలు బాగుచేసే బెన్నీది రిమోట్. మహానంది దారిలోనో, అవుకు చెరువు కట్ట కిందో, ఆళ్లగడ్డ చేలలోనో ఎగరేసేవాళ్లు. ఎదురుగాలి ఎంతున్నా బెన్నీ చేతిలో విమానం పెంచుకున్న పావురంలా మాట వినేది.

పోయిన వేసవిలో విమానం ముక్కున తిరుగుతున్న ఫ్యాన్ రెక్క అతని కుడిచేతి వేళ్లు రెండు తెంపుకుపోయింది. గాయం మానాక ఎగరేసిన రెండు విమానాలూ ముక్కలయ్యాయి. మూడోది ఎగరేస్తానని అతను అడగలేదు. సురేంద్రా ఇవ్వలేదు.

ఇప్పుడు సురేంద్ర చేస్తున్నది రిమోట్ లేకుండా తనంతట తానే ఎగిరే విమానం. చెయ్యి తిరిగిన మనిషి ఎట్లా ఎగరేస్తాడో ముందు దానికి నేర్పాలి. కంప్యూటర్లో పరీక్షించాలి. ఆ తర్వాతే గాల్లోకి వదలాలి. ఆ పనికి తన స్నేహితుడు వేరే మనిషిని చూసుకున్నాడని బెన్నీ బాధ.

చూడకుండా ఉండలేడు, చూసి ఓర్చుకోలేడు. రోజూ సాయంత్రం కొట్టు మూసి సురేంద్ర ఇంటికి వెళ్లేవాడు. తెర ముందు కూర్చుని తప్పులు వెదికేవాడు. మలుపులో పొగరు కనిపిస్తోందనేవాడు. గాలి కొడితే తొందరపడుతున్నాడనేవాడు.

"దిగేటప్పుడు ముక్కు ఎత్తడం ఆలస్యం చేస్తాండాడు. బెదురుగొడ్డు" అన్నాడొకరోజు.

సురేంద్ర అన్నీ రాసుకుని సరిచేసేవాడు. మర్నాటికి విమానం ఇంకా బాగా ఎగిరేది. బెన్నీ ఇంకా కుమిలిపోయేవాడు. అన్నం ముందు కూర్చున్నా ఆ ముక్కూ మొహం తెలియనివాడి పది వేళ్లే కనిపించేవి.

రెండువేల ఏడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం, విమానాన్ని నిజంగా ఎగరేసే రోజు వచ్చింది. బెన్నీ చర్చి మానేసి ఆళ్లగడ్డ బస్సెక్కాడు. ప్రార్థన మాత్రం మానలేదు. అది కూలిపోవాలని దారంతా దేవుణ్ణి వేడుకున్నాడు.

శనగ కోసిన చేలో సురేంద్ర పక్కన ఒక అమ్మాయి రిమోట్ పట్టుకుని నిలబడి ఉంది. పేరు లూదియా అనీ, ఈ పనిలో తనకు సాయమనీ చెప్పాడు సురేంద్ర. అయితే ఎగరేసినోడంటే ఈమేనన్నమాట. బెన్నీ ఆమె వేళ్ల వంక చూశాడు. తన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

విమానం దానంతటదే లేచింది. లూదియా రిమోట్‌ను మోటార్‌సైకిల్ సీటు మీద పెట్టేసి చేతులు కట్టుకుంది. అది చేను చివరిదాకా పోయింది. కుడికి వాలింది. కొండ వైపు నుంచి గాలి తోస్తే ఒక్క క్షణం తడబడి, సర్దుకుని, వచ్చి వాళ్ల కాళ్ల ముందు మెత్తగా దిగింది.

బెన్నీ వంగి విమానం రెక్క నిమిరాడు. మనసులో ఏదో కూలింది, విమానం మాత్రం కాదు. లేచి లూదియా వైపు తిరిగాడు.

"మంచి చెయ్యమ్మా నీది. నాకు కూడా ఇంత బాగా వచ్చేది కాదు."

లూదియా తెల్లబోయి సురేంద్ర వైపు చూసింది. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నాకు ఎగరేయడమే రాదన్నా, మీ వేళ్లు పోకముందు ఇదే చేలో మీరు ఎగరేసిందంతా సారు కంప్యూటర్లో దాచిపెట్టుకున్నారు, మేం దీనికి నేర్పింది అదే."