ఒక్క పూజ కారు

గంపలగూడెం బడిలో టీచరుగా చేరిన కూతురు సుధామయికి పాత మారుతి కొనాలనుకున్నప్పుడు, గుడి పూజారి రాధాకృష్ణమూర్తి మెకానిక్కుని పిలవలేదు.

“తిరువూరులో ఎవరు కారు కొన్నా పూజ చేసేది నేనే. ఎక్కడైనా గుద్దితే దిష్టి తీసి మళ్లీ పూజ చేసేదీ నేనే. నాకు తెలీని సొట్ట ఉంటుందా అమ్మా?” అన్నారాయన.

ఎస్టీడీ బూత్ ముందున్న తెల్ల కారు యజమాని, “చిన్న గీత కూడా పడలేదండి,” అన్నాడు.

“మరి నిరుడు లారీని గుద్దొస్తే గుమ్మడికాయ కొట్టిందెవరయ్యా?” అని అడిగి పంతులుగారు ముందుకు నడిచారు. తర్వాత చూసిన నీలం కారుకి ఎన్ని పూజలు చేశారో ఆయనకే గుర్తులేదు.

చివరికి విజయవాడ రోడ్డులో ఎర్ర కారు దొరికింది.

“కొన్నప్పుడు ఒక్కసారి పూజకొచ్చింది. మళ్లీ రాలేదు. బండంటే ఇదీ!” అంటూ బేరం తెంచి, డబ్బు చేతిలో పెట్టి, నిమ్మకాయల పళ్లెంతో టైర్ల దగ్గరికి నడిచారు.

యజమాని కంగారుగా అడ్డం వచ్చాడు.

“ఏమనుకోకండి పంతులుగారూ, అమ్మాయిగారి మంచికే చెప్తున్నా. పూజ మాత్రం మీరు చెయ్యొద్దు. అప్పుడు మీ హారతి తీసుకుని మలుపు తిరిగామో లేదో, కరెంటు స్తంభాన్ని గుద్దేశాం. ఆ తర్వాత ఎప్పుడు గుద్దినా విస్సన్నపేట పంతులుగారి దగ్గరికే వెళ్తున్నాం.”

సుధామయి తండ్రి చేతిలోంచి పళ్లెం మెల్లగా అందుకుంది.

“పులిహోర చేసుకుందాం నాన్నా,” అంది.